బోదగట్టు కాల్చిన ఏడాది

మొగుడు చెంచయ్య బతికి ఉన్నన్నాళ్లూ పిచ్చమ్మకు తెల్లారడమంటే పొయ్యి అంటించడమే. రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నంలో మజ్జిగ కలిపి, ఉప్పేసి, ఉల్లిపాయ చితక్కొట్టి, స్టీలు క్యారియర్‌లో సర్దేది. దాని మూత ఎప్పుడూ బిగుసుకుపోయేది. గట్టు మీద కూర్చుని చెంచయ్య దాన్ని రాయితో కొట్టి తీసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక పిచ్చమ్మ ఆ సొట్టలు చూసి తిట్టేది. అతను నవ్వుకుంటూ కాళ్లు కడుక్కునేవాడు.

ఇప్పుడు ఆమె పొయ్యి జోలికి పోకుండానే జీవాలను తోలుకుని బయలుదేరుతోంది. క్యారియర్ అటక మీద బోర్లించి ఉంది. తానే వండి, తానే మోసుకుపోయి, తానే మూత తీసుకుని తినడం ఆమెకు ఎందుకో సిగ్గుగా అనిపించింది. కొంగున గుప్పెడు వేయించిన శనగలు మూటగట్టుకుంటుంది. మధ్యాహ్నం నమిలి నీళ్లు తాగుతుంది. అంతే.

పిచ్చమ్మ పుట్టింది వరికుంటపాడు పక్కన ఒక పల్లెలో. ఆమెకు ముందు పుట్టిన వాళ్లెవరూ నిలవలేదు. ఈ పిల్లనైనా చావు కంటబడకుండా చూడాలని ఆ పేరు పెట్టారు. పిల్ల నిలిచింది. ఉదయగిరి కొండ కింద పల్లెకు కోడలై వచ్చింది. కడుపు పండలేదు. పిల్లల్లేని వాళ్లకు గొర్రెపిల్లలే దిక్కని తోడికోడలు వెంకటసుబ్బమ్మ నలుగురిలోనూ అనేది. చెంచయ్య వినీ విననట్టు ఉండేవాడు. పిచ్చమ్మ వినేది.

చెంచయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. ఆ పక్క పల్లెల్లో చాలామందికి వచ్చే జబ్బే. ఆత్మకూరు బస్సులో పోవడం, రావడం, పోవడం. ఆఖర్న ఒకసారి పోయినవాడు అంబులెన్సులో వచ్చాడు. దినవారాలు ముగిసిన మర్నాడే అతని అన్న, వెంకటసుబ్బమ్మ మొగుడు జనార్దనయ్య వచ్చి, రెండు మందలూ కలిపేద్దామన్నాడు. ఒక్క ఆడమనిషి కొండ వార జీవాలు కాయడమేందని అడిగాడు. మాట మంచిగానే ఉంది. కలిపితే జీవాలు ఆయనవవుతాయనీ, తాను ఆ ఇంట్లో అంట్లు తోముతూ మిగులుతాననీ పిచ్చమ్మకు తెలుసు. కలపనని చెప్పింది. ఆ ఇంట్లో ఆమె కాదన్న మాట అదొక్కటే.

ఆమెకు మంద ఉందంటే బోదగట్టు ఉండబట్టే. జనార్దనయ్యకు బోరు ఉంది, చేలో పచ్చిమేత ఉంది. పిచ్చమ్మకు సెంటు నేల లేదు. కొండకూ ఊరికీ మధ్య పరుచుకున్న ఆ బీడు మీద నడుమెత్తున బోదగడ్డి లేస్తుంది. వెనకటికి ఇళ్లు కప్పింది ఆ గడ్డితోనే. దాని మొదట్లో గరిక, మధ్య మధ్య వెంపలి, రాళ్ల సందుల్లో నేలఉసిరి. ఊరివైపు అంచున మాత్రం సర్కారు తుమ్మ ఎక్కి వచ్చింది. దాని వెనకే సీమతులసి, వయ్యారిభామ, అన్నీ బయటి నుంచి వచ్చి పడ్డ కలుపే. జీవాలు వయ్యారిభామను మూతితో తోసేస్తాయి. ఆకలి ఎక్కువై తింటే పాలు చేదెక్కుతాయి.

ఆ గట్టు మీద మొక్కలు లెక్కబెట్టడానికి సర్కారు తరఫున మనుషులొస్తున్నారని మాఘమాసంలో కబురొచ్చింది. బడి వరండాలో మీటింగు పెట్టారు. పిచ్చమ్మ తలకు నీళ్లు పోసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని బయటికొచ్చింది. వెంకటసుబ్బమ్మ గడప దగ్గరే ఆపింది.

"వాళ్లేదో మంచి పని మీద వస్తా ఉండారు. మొగుడు పోయి ఏడాది తిరగనిదానివి, పొద్దున్నే నువ్వు ఎదురు పోబాక" అంది. గొంతు పెంచకుండా, ఉప్పు ఇచ్చిపొమ్మని అడిగినంత మామూలుగా అంది.

పిచ్చమ్మ చీర మార్చుకుని లోపలే కూర్చుంది. మీటింగులో ఏం చెప్పారో సాయంత్రం జనార్దనయ్య చెప్పాడు. తొలకరి పడ్డాక వస్తారంట. తాడుతో చదరాలు పరిచి, ఒక్కో చదరంలో మన నేల మొక్కలెన్ని, బయటి నుంచి వచ్చి పడ్డవెన్ని అని రాసుకుంటారంట. మనవి ఎక్కువుంటే గట్టు ఇట్లాగే ఉంటుంది, జీవాలు మేసుకోవచ్చు. పరాయివి సగానికి మించితే చుట్టూ కంచె కట్టి, తుమ్మంతా పెరికించి, మళ్లీ గడ్డి నిలిచేదాకా కొన్నేళ్లు ఎవరినీ రానివ్వరు. ఇంతవరకే చెప్పి, ఆయన వక్కపొడి నోట్లో వేసుకున్నాడు.

పిచ్చమ్మ దిగులు పడలేదు. గట్టు మీద ఏముందో ఆమెకు తెలుసు. ఊరివైపు అంచు పోతే పోయింది, తక్కిందంతా బోదే. ఎవరొచ్చి ఏ తాడు పరిచినా బోదే పడుతుందని ఆమె ధైర్యం.

ఎండలు ముదిరాయి. గడ్డి ఎండి, ముదిరి, పుల్లలైంది. జీవాలు మూతి పెట్టడం మానేశాయి. వైశాఖం సగం అయ్యాక ఒకనాడు జనార్దనయ్య ఆమె వాకిట్లో నిలబడి గట్టు వైపు చూశాడు.

"ఈ ఏడు కాల్చలేదే?" అన్నాడు. "వాడైతే ఈపాటికి కాల్చేసుండేవాడు."

మరో మాట అనలేదు. పోయాడు.

గొర్రెలవాళ్లు ఏటా చేసే పనే అది. తొలకరికి ముందు ఎండుగడ్డి కాల్చితే, చినుకు పడగానే మొదళ్ల నుంచి లేతపచ్చిక తన్నుకొస్తుంది. చెంచయ్య కాల్చే పద్ధతి ఒకటుండేది. ముందు గట్టంతా అడ్డంగా నడుస్తూ చప్పట్లు కొట్టేవాడు. గడ్డిలో పిల్లలు పెట్టుకున్న కౌజుపిట్టలు లేచిపోవాలని. ఆ తర్వాత గాలికి ఎదురుగా, పైఅంచు నుంచి, కొంచెం కొంచెంగా అంటించుకుంటూ దిగేవాడు. చేతిలో పచ్చి వేపమండ. మంట దారి తప్పితే దాంతో కొట్టేవాడు. పిచ్చమ్మ బిందెతో నీళ్లు పట్టుకుని కింద నిలబడేది.

ఈసారి రెండు పనులూ ఆమే చేసింది. చప్పట్లు కొడుతూ నడిచింది. కౌజులు బుర్రుమని లేచాయి. వేపమండ పట్టుకుని పై నుంచి కాల్చుకుంటూ దిగింది. చదరాలు పరిచేవాళ్లు వచ్చేనాటికి ఎండుపుల్లల గట్టు కాకుండా పచ్చటి గట్టు చూపించాలని ఆమె ఆశ. పచ్చగా ఉంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది, కంచె కట్టబుద్ధి కాదు అనుకుంది. సాయంత్రానికి గట్టంతా నల్లగా, నున్నగా అయింది. వాగు పక్క పల్లంలో మాత్రం కొంత బోద అంటుకోకుండా మిగిలింది. ఇంటికొచ్చి, పొగ వాసనతోనే పడుకుంది. చెంచయ్య పోయాక ఆమెకు కంటినిండా నిద్ర పట్టింది ఆనాడే.

తొలకరి ఒక్క జల్లు కురిసి పోయింది. మళ్లీ చినుకు లేదు. మబ్బు రావడం, కొండ మీద నిలబడడం, ఆత్మకూరు వైపు వెళ్లిపోవడం. బోదకు ఒక్క జల్లు చాలదు. దాని వేరు లోతున ఉంటుంది, నేల లోపలిదాకా తడిస్తేనే కదులుతుంది. వయ్యారిభామకు ఆ జల్లే ఎక్కువ. గింజ ఎక్కడుందో, ఎప్పుడు రాలిందో, నల్లటి బూడిద మీద పచ్చపచ్చగా లేచింది. కాలిన తుమ్మమోళ్లు చుట్టూ చిగుళ్లు వేశాయి. ఊరివైపు అంచున ఉన్నవి ఎండుగడ్డి అడ్డం పోయేసరికి గట్టు నడిబొడ్డుకు వచ్చి కూర్చున్నాయి.

పిచ్చమ్మ వంగి పెరకడం మొదలుపెట్టింది. జీవాలను ఒక పక్కకు తోలి, పొద్దంతా వయ్యారిభామ పీకింది. అది ఒంటికి పడదని తెలుసు. చేతులకు పాతగుడ్డ చుట్టుకుంది, అయినా మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. గోకితే నీరు కారింది. మెడ, కనురెప్పలు వాచాయి. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. ఎవరో ఆమెను కూలికి ఎవరు పిలిచారని అడిగి నవ్వారు. కొండగట్టుకు కలుపు తీస్తా ఉండాది, ఇంక ఎరువులు కూడా వేస్తదేమో అన్నారింకొకరు. పెరికిన చోట మూడోనాటికి మళ్లీ మొలిచేది. తుమ్మచిగుళ్లను కొడవలితో కోస్తే, ఒకటున్న చోట నాలుగు వచ్చాయి. వాన కోసం ఆమె మొక్కని దేవుడు లేడు. అనుమసముద్రంపేట దర్గాకు పోయే ముసలామె చేతికి కూడా పూలకు డబ్బులిచ్చి పంపింది.

వాన రాలేదు. సర్వే వాళ్లు వచ్చారు.

వాళ్లను నడిపించే ఆమె పేరు శ్రీదివ్య. చిన్న వయసే. తలకు టోపీ, కాళ్లకు బూట్లు. వెంట ఇద్దరు కాలేజీ పిల్లలు. ఆమెకు గీర లేదు. పిచ్చమ్మ చేతులు చూడగానే సంచిలోంచి మందు తీసి తానే రాసింది. వయ్యారిభామ ఉత్త చేతులతో పట్టుకోవద్దమ్మా అని చెప్పింది. దారి చూపించడానికి తోడు రమ్మని అడిగింది. పిచ్చమ్మ జీవాలను వదిలి వెంట నడిచింది.

తాడుకు నాలుగు మేకులు. నేల మీద చదరంగా పరిచి, లోపలున్న ప్రతి మొక్కనూ వేలితో తాకి పేరు చెప్పేది శ్రీదివ్య. పిల్లల్లో ఒకడు రాసుకునేవాడు. ఆమెకు అన్ని పేర్లూ తెలుసు. వేలెడు లేని మొలకను చూసి కూడా ఇది ఫలానా అనేది. మొదటి చదరంలో వయ్యారిభామ. రెండోదాంట్లో తుమ్మ, బూడిద. మూడోదాంట్లో గరిక కొంచెం, మళ్లీ వయ్యారిభామ. పిచ్చమ్మ ప్రతి చదరం దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని తానూ వెతికింది. గరికపోచ కనిపిస్తే వేలితో చూపించింది. శ్రీదివ్య తల ఊపి రాయించింది. ఏదీ దాచలేదు, ఏదీ వదల్లేదు.

వాగు పక్కకు వచ్చేసరికి పిచ్చమ్మ ఉండబట్టలేకపోయింది. ఆ పల్లంలో బోద ఉండాది, తాడు అక్కడ పరచమని బతిమాలింది. ఎక్కడ పరచాలో ముందే ఫోనులో పడి ఉంటుందనీ, మనిషి ఇష్టం కాదనీ శ్రీదివ్య చెప్పింది. ఫోను చూపించింది కూడా. నీలం చుక్కలు. ఒక్క చుక్కా వాగు వైపు లేదు.

మధ్యాహ్నం నీడలేక గొడుగు కింద కూర్చున్నారు. తన అన్నంలో సగం పిచ్చమ్మకు పెట్టింది శ్రీదివ్య. పెడుతూ అడిగింది:

"ఎవరమ్మా ఇదంతా కాల్చింది? ఈ ఒక్క ఏడాదీ కాల్చొద్దని మీటింగులో మరీ మరీ చెప్పాం కదా. కాల్చితే ఆ రోజుకు ఏమీ కనపడదని. మీ జనార్దనయ్యగారే అందరికీ నేను చెప్తానని లేచి నిలబడ్డారు."

పిచ్చమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. వాకిట్లో నిలబడి గట్టు వైపు చూసిన మనిషి ఆమె కళ్ల ముందుకొచ్చాడు. ఈ ఏడు కాల్చలేదే అన్న గొంతు వినిపించింది. ముద్దను ఆకులో పెట్టేసింది.

"నేనే కాల్చినా" అంది.

శ్రీదివ్య పిల్లాడి దగ్గర కాగితాలు తీసుకుని తిరగేసింది.

"వేరు చావలేదమ్మా" అంది పిచ్చమ్మ. "తవ్వి చూడు కావాలంటే. నాలుగు వానలు పడితే నడుమెత్తు లేస్తాది. అప్పుడు రాండి. అప్పుడు రాసుకోండి."

"నాకు తెలుసు. వేరు బతికే ఉంది. కానీ ఈ రోజు ఉన్నదే రాయాలి నేను. కాలిందని కూడా రాస్తాను, పైవాళ్లకు అర్థమవుతుంది."

ఆ పిల్ల మంచి మనసుతోనే రాసింది. పైవాళ్లకు అర్థమైంది వేరు. గొర్రెలవాళ్లు ఏటా గట్టు కాలుస్తున్నారు, అందుకే పరాయి మొక్కలు ఎక్కుతున్నాయి, వెంటనే మనుషులనూ జీవాలనూ ఆపాలి అని వాళ్లు అర్థం చేసుకున్నారు. పనికొస్తుందని రాసిన ఒక్క ముక్కే గట్టును ముందు మూయించింది. నెల తిరక్కుండానే సిమెంటు స్తంభాలు దిగాయి.

స్తంభాలు దిగినరోజు పిచ్చమ్మ జనార్దనయ్య ఇంటికి పోయింది. ఆయన మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"కాల్చొద్దన్నారంట గదా బావా, మీటింగులో."

"అన్నారు."

"నాకు చెప్పలా."

"మర్చిపోయినా" అన్నాడు. గ్లాసులో టీ ఊదుకున్నాడు. "అయినా నేను కాల్చమన్నానా నిన్ను? ఈ ఏడు కాల్చలేదే అని అడిగినా. అడిగితే కాల్చేస్తావా?"

వాకిట్లో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మంద కలుపుదాం అంటే ఏమన్నావు? నాకాడ ఏం తక్కువని వద్దన్నావు? మొగుడు పోయిన ఆడది చేతిలో కర్ర పట్టుకుని గట్టులెమ్మట తిరుగుతా ఉంటే, ఊళ్లో నా మొహాన ఎవరన్నా ఉమ్మేస్తారా లేదా? ఇప్పుడు చెప్పు. యాడ మేపుతావు?"

పిచ్చమ్మ కర్ర తీసుకుని బయటికొచ్చింది. కొన్నాళ్లు రోడ్డుమార్జిన్లలో మేపింది. లారీ కింద ఒక సూడిగొర్రె పడింది. ఇంకొకరి పొలంలో మూతి పెట్టాయని మందనంతా కట్టేసి, ఆమెను చీకటి పడేదాకా చెట్టు కింద నిలబెట్టారు. విడిపించుకొచ్చింది జనార్దనయ్యే. ఆ మర్నాడు ఆత్మకూరు నుంచి వ్యాన్ వచ్చింది. బేరం కూడా ఆయనే మాట్లాడాడు. గొర్రెలను కాళ్లు పట్టి ఎక్కిస్తుంటే పిచ్చమ్మ ఒక్కొక్కదాని వీపు నిమిరింది. అవి ఆమె చేతిని నాకలేదు. బెదిరిపోయి అరుస్తున్నాయి. ఈనడానికి దగ్గరున్న మేలురకం గొర్రెలు కొన్నిటిని జనార్దనయ్య పక్కకు తీయించాడు. ఇకముందు తనింట్లో పెట్టబోయే తిండికి అవి సరిపోతాయన్నాడు. వాటి వీపుల మీద ఎర్రరంగు పూసి తన మందలో కలిపేశాడు.

ఆమె వాళ్లింట్లోకి వచ్చింది. వెంకటసుబ్బమ్మ ఆమెకు వసారాలో బియ్యం మూటల పక్కన చాప చూపించింది. అంట్లు, బట్టలు, దొడ్డి ఊడ్చడం ఆమెవి. వచ్చిన చుట్టాలకు మంచినీళ్లు మాత్రం ఆమె ఇవ్వకూడదు. మా ఇంట్లో కూటికి కొదవలేదని వెంకటసుబ్బమ్మ ఇరుగుపొరుగు వినేలా అంటుంది. ఆ మాట అన్నప్పుడల్లా పిచ్చమ్మ కంచంలో అన్నం కొంచెం తగ్గుతుంది. చేతుల మీది దద్దుర్లు మాని నల్లటి మచ్చలయ్యాయి. అది అంటుజబ్బని పిండి కలపనివ్వరు.

శ్రావణంలో వానలు దంచికొట్టాయి. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో గాని, కంచె లోపల బోద ఒక్కసారిగా లేచింది. నడుమెత్తు కాదు, భుజమెత్తు. గాలి వీస్తే గట్టంతా ఒకవైపుకు పడుకుని లేస్తోంది. వయ్యారిభామ దాని నీడకు సొమ్మసిల్లి పసుపుబారింది. సర్వే వాళ్లు మళ్లీ రాలేదు. పిచ్చమ్మ దొడ్లో పెంటపోగు దగ్గర నిలబడితే ఆ గట్టు కనిపిస్తుంది. ఆమె రెండు రోజులు చూసింది. తర్వాత అటు తిరగడం మానేసింది.

వానలతోపాటే కుక్కల బెడద వచ్చింది. ఆత్మకూరు రోడ్డు పక్కన కోళ్ల వ్యర్థాలు పారబోసేచోట అవి గుంపులు కట్టి బలిసిపోయాయి. పక్క సందులో ఒకరి దొడ్లోకి దూరి గొర్రెల కడుపులు చీల్చేశాయి. తిన్నవి తక్కువ, చంపినవి ఎక్కువ. అప్పటి నుంచి పొద్దుగూకగానే దొడ్డి నోటికి ముళ్లకంప లాగి, రాయి ఎత్తి పెట్టడం అన్నిటికన్నా ముఖ్యమైన పనైంది. ఆ పనీ పిచ్చమ్మకే అప్పజెప్పారు. ఆమె లాగితే ఎలుక కూడా దూరలేదని జనార్దనయ్యే మెచ్చుకున్నాడు.

భాద్రపదం మొదట్లో ఒక సాయంత్రం ఇంట్లో సందడిగా ఉంది. జనార్దనయ్య గొర్రెల్లో ఒకటి, పిచ్చమ్మ మందలోంచి వచ్చిందే, జంటపిల్లలను ఈనింది. రెండూ ఆడవే. వెంకటసుబ్బమ్మ పొరుగింటామెను పిలిచి చూపించింది. ఆమె ఆ గొర్రె ఎవరిదని అడిగింది.

"మాదే" అంది వెంకటసుబ్బమ్మ. "ఇంకెవరిది?"

పిచ్చమ్మ అక్కడే పెంట ఎత్తుతోంది. పొరుగింటామె ఆమె వైపు ఒకసారి చూసి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. వెంకటసుబ్బమ్మ లోపలికి పోతూ, మబ్బు పట్టిందని, తొందరగా దొడ్డి మూసి రమ్మని చెప్పింది.

పిచ్చమ్మ తట్ట బోర్లించింది. గొర్రెలన్నీ లోపలున్నాయి. ఎర్రరంగులన్నీ ఒకటే, ఏది ఎవరిదో ఆ మసక వెలుతురులో తెలియడం లేదు. జంటపిల్లలు తల్లి కడుపు కింద తోకలు ఆడిస్తున్నాయి. రోడ్డు వైపు కుక్క ఒకటి మొరిగింది. దానికి ఇంకోటి జవాబిచ్చింది. ముళ్లకంప గోడవార పడి ఉంది. ఆమె దగ్గరకు పోయి, కంప మొదలు చేతిలోకి తీసుకుంది. కొంచెంసేపు అట్లాగే నిలబడింది.

"పిచ్చమ్మా, కంప లాగినావా?" లోపలి నుంచి జనార్దనయ్య కేక.

ఆమె కంప మొదలును గోడవారే వదిలేసింది. తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంది. మడమల పగుళ్లలో ఇరుక్కున్న పెంటను వేలితో నిదానంగా తీసుకుంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి పోయి, ఆయనకు కంచం పెట్టింది.